చేదు తెలియని నాలుకలు, విషం విరిచే కాలేయాలు

విషపు నీళ్ల మీద బతికిన ఊరు

అర్జెంటీనా వాయవ్య మూలన, ఆండీస్ పర్వతాల మీద 3,700 మీటర్లకు పైన శాన్ ఆంటోనియో దె లోస్ కోబ్రెస్ అనే చిన్న ఊరుంది. చెట్టూ చేమా అంతంతమాత్రంగా ఉండే ఎండు పీఠభూమి అది. అగ్నిపర్వతపు రాళ్లలోంచి ఊరి వచ్చే నీళ్లే అక్కడివాళ్లకు తరతరాలుగా తాగునీళ్లు. ఆ నీళ్లలో లీటరుకు సుమారు 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 10 మైక్రోగ్రాములే. నీళ్లలో కలిసిన ఆర్సెనిక్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నాలుక పసిగట్టలేని విషం కాబట్టి భారమంతా కాలేయం మీదే పడింది.

ఒంట్లో చేరిన ఆర్సెనిక్‌ను కాలేయం రెండు మెట్లలో మారుస్తుంది. మొదటి మెట్టులో దానికి ఒక మిథైల్ గుంపును తగిలిస్తుంది. ఈ దశలో తయారయ్యే పదార్థం చాలా ప్రమాదకరం, శరీరానికి ఎక్కువ హాని చేసేది ఇదే. రెండో మెట్టులో ఇంకో మిథైల్ గుంపు తగిలాక అది మూత్రంలో తేలిగ్గా బయటికి పోతుంది. పదో క్రోమోజోము మీదున్న ఏఎస్3ఎంటీ అనే జన్యువు తయారుచేసే ఎంజైమే ఈ రెండు పనులూ చేస్తుంది. మనలో చాలామందికి రెండో మెట్టు నెమ్మది. అందుకే మూత్రంలో పోయే ఆర్సెనిక్‌లో మధ్య దశలోని విషం 10 నుంచి 20 శాతం దాకా కనిపిస్తుంది. శాన్ ఆంటోనియో ఆడవాళ్లలో మాత్రం అది అసాధారణంగా తక్కువగా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త కారిన్ బ్రోబెర్గ్ బృందం గమనించింది. 2015లో వాళ్ల జన్యువులను చదివి కారణం కూడా చెప్పింది. ఆర్సెనిక్‌ను చప్పున రెండో మెట్టు దాటించే జన్యు రకం ఆ ఊళ్లో మూడింట రెండు వంతుల దాకా పేరుకుని ఉంది. ఒక విషపదార్థానికి మనుషులు ప్రకృతి వరణం ద్వారా సర్దుకున్నారనడానికి దొరికిన మొదటి గట్టి సాక్ష్యం ఇదేనంటారు.

ఇంతకన్నా గడ్డు చోటు ఉత్తర చిలీలోని కమరోనెస్ లోయ. అక్కడి నదిలో ఆర్సెనిక్ లీటరుకు 1,000 మైక్రోగ్రాములు. ఆ తీరంలో దొరికిన చించోరో మమ్మీలు ఏడు వేల ఏళ్ల నాటివి, వాటి వెంట్రుకల్లోనూ ఆర్సెనిక్ పేరుకుని ఉంది. ఆ లోయవాసుల్లో కూడా ఇదే జన్యు రకం ఎక్కువని 2017లో చిలీ పరిశోధకులు చూపించారు. మనిషి జన్యువుల రికార్డులన్నీ ఒక వరసలో పేర్చమంటే నేను మొదటి పీట ఈ రెండు చోట్లకే వేస్తాను.

అయితే ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ నీళ్లు తాగీ తాగీ ఏ ఒక్క మనిషీ విషానికి అలవాటుపడలేదు. ఆర్సెనిక్ కడుపులో బిడ్డను తీసుకుపోతుంది, పసిపిల్లలను తీసుకుపోతుంది. తట్టుకోలేని శరీరాలతో పుట్టినవాళ్లు పోతూ, తట్టుకోగలిగినవాళ్లకు పిల్లలు కలుగుతూ వందల తరాలు గడిచాక మిగిలిన లెక్క అది. ప్రకృతి వరణం అనే మాట వెనక ఉన్నది ఇన్ని చావులు. ఆ సంగతి మరిచిపోయి దీన్ని వరంలా చెప్పుకోవడం నాకు నచ్చదు.

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ ప్రజలకు ఆ వ్యవధి కూడా దక్కలేదు. చెరువు నీళ్లతో వచ్చే కలరా, విరేచనాల నుంచి కాపాడడానికని 1970ల నుంచి అక్కడ ఊరూరా చేతిపంపులు వేశారు. ఆ లోతుల్లో ఆర్సెనిక్ ఉందని తరవాత బయటపడింది. రెండు మూడు తరాల్లో జన్యువులు మారవు.

మన నల్గొండ ఫ్లోరైడ్ సంగతి ఇంకా వేరు. తెలుగు నేల మీద ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి రాశారు. ఆండీస్‌లో జరిగినట్టు ఇక్కడ ఎందుకు జరగదు అని ఎవరైనా అడిగితే రెండు జవాబులున్నాయి. ఆర్సెనిక్‌ను మార్చి పంపినట్టు ఫ్లోరైడ్‌ను కాలేయం మార్చలేదు. కొంత మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకల్లో దిగుతుంది. రెండోది, ఫ్లోరైడ్ మనిషి నడుము వంచి, కీళ్లు బిగించి, బతుకంతా నరకం చేస్తుంది గాని పిల్లలు పుట్టకముందే చంపడం అరుదు. పిల్లలు పుట్టాక వచ్చే బాధను ప్రకృతి వరణం లెక్కలోకి తీసుకోదు. ఎన్ని వేల ఏళ్లు గడిచినా అక్కడ దారి నల్లా నీళ్లే.

గాల్లోకి లేచిన పొడి

1931లో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఫినైల్‌థయోకార్బమైడ్ (పీటీసీ) పొడిని సీసాలోకి వంపుతుంటే కొంత గాల్లోకి లేచింది. పక్కనే పనిచేస్తున్న నోలర్ నోరు చేదెక్కిపోయిందని గోలపెట్టాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. నాలుక మీద వేసుకుని చూసినా అంతే. ఇద్దరూ వాదించుకుని ఊరుకోకుండా కనిపించిన ప్రతివాడి నాలుకా పరీక్షించారు. కొందరికి కటిక చేదు, కొందరికి ఏమీ లేదు. ఆల్బర్ట్ బ్లేక్‌స్లీ కుటుంబాలకు కుటుంబాలనే పరీక్షించి ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణమని తేల్చాడు. తరవాత కొన్ని దశాబ్దాల పాటు పీటీసీ కాగితం ముక్క లేని జన్యుశాస్త్ర తరగతి లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ పరీక్షను సరిగ్గా చేయడానికి 1949లో హారిస్, కాల్మస్ అనే ఇద్దరు పెట్టిన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. లీటరు నీళ్లలో 1.3 గ్రాముల పీటీసీ కలిపితే అది అన్నిటికన్నా గాఢమైన ద్రావణం. దాన్ని సగానికి పలచన చేస్తే రెండోది, మళ్లీ సగానికి చేస్తే మూడోది, అలా డజనుకు పైగా మెట్లు. బాగా పలచనిదాని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ రుచి చూపిస్తారు. చేదు తగిలిందని మనిషి అన్న చోట ఆగి, ఎనిమిది గ్లాసులు ముందు పెడతారు. నాలుగింట్లో ఆ ద్రావణం, నాలుగింట్లో మామూలు నీళ్లు. ఏవి నీళ్లో ఏవి మందో విడదీసి రెండు వరసలుగా పెట్టాలి. ఎనిమిదీ తప్పులేకుండా విడదీసిన మెట్టే ఆ నాలుక అంకె. మన దేశంలో మానవశాస్త్ర విభాగాల వాళ్లు ఈ గ్లాసులు పట్టుకుని గిరిజన గూడేల దాకా వెళ్లారు. ఎక్కడ చూసినా రెండు రకాల నాలుకలూ కనిపించాయి.

చేదు తగిలేవాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 70 శాతం. అసలు జన్యువు 2003లో దొరికింది. డెనిస్ డ్రేనా బృందం గుర్తించిన ఆ జన్యువు పేరు టీఏఎస్2ఆర్38. దాని పొడవు 1,002 అక్షరాలు. అందులో ముఖ్యంగా మూడంటే మూడు చోట్ల తేడా. ఆ మూడు అక్షరాలే పక్కపక్కన కూర్చుని ఒకే పళ్లెంలో తినే ఇద్దరికి రెండు రుచులు చూపిస్తున్నాయి. పీటీసీ ప్రకృతిలో దొరకదు, అది ప్రయోగశాల సరుకు. కాని క్యాబేజీ, ఆవ జాతి మొక్కల్లో దాని పోలికలున్న పదార్థాలున్నాయి. అవి ఎక్కువైతే థైరాయిడ్ గ్రంథి పనిని అడ్డుకుంటాయి. చేదు తగిలినవాడు ఆ ఆకును వదిలేసి బతికిపోయేవాడనేది పాత ఊహ.

మరి చేదు తెలియనివాళ్లు ఇంతమంది ఎందుకు మిగిలారు? దీనికి శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ప్రకృతి వరణం రెండు రకాలనూ కావాలనే నిలిపిందని 2004లో ఒక బృందం వాదించింది. ఈ జన్యువు మీద ఒత్తిడి ఎప్పుడో సడలిపోయిందనీ, రెండో రకం యాదృచ్ఛికంగా మిగిలిందేననీ తరవాత మరికొందరు అన్నారు. ఇంకో ఆసక్తికరమైన దారి 2012లో తెరుచుకుంది. ఈ జన్యువు తయారుచేసే చేదు గ్రాహకం నాలుక మీదే కాదు, ముక్కు లోపలి పొరలోనూ ఉంది. సూడోమొనాస్ లాంటి బ్యాక్టీరియా ఒకదానితో ఒకటి సంకేతాలు పంపుకోవడానికి వాడే పదార్థాలను అది పసిగట్టి, వెంటనే క్రిములను చంపే ఏర్పాట్లు మొదలుపెడుతుంది. అంటే ఈ జన్యువును కాపాడింది వంటిల్లా, పడిశమా అన్నది ఇంకా తేలాలి.

1939 ఆగస్టులో ఎడిన్‌బరోలో అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ జరుగుతోంది. యుద్ధం ముంచుకొస్తోందని ఒక్కొక్కరే సామాను సర్దుకుంటున్న రోజులవి. ఆ సమయంలోనే రోనాల్డ్ ఫిషర్, ఇ.బి. ఫోర్డ్, జూలియన్ హక్స్‌లీ పీటీసీ ద్రావణం తీసుకుని జూకు వెళ్లారు. చింపాంజీలకు తాగించారు. వాటిలోనూ కొన్ని మొహం చిట్లించి ఉమ్మేశాయి, కొన్ని మామూలుగా మింగేశాయి. మనిషీ చింపాంజీ వేరుపడక ముందు నుంచే ఈ రెండు రకాలూ ఉన్నాయని ఫిషర్ బృందం తీర్మానించింది. అరవై ఏడేళ్ల తరవాత, 2006లో, స్టీఫెన్ వుడింగ్ బృందం చింపాంజీ జన్యువును చదివింది. చేదు తెలియని చింపాంజీలు ఉన్న మాట నిజమే. కాని వాటి జన్యువు చెడింది వేరే చోట. మొదటి అక్షరాల దగ్గరే తప్పు పడి, గ్రాహకం అసంపూర్తిగా తయారవుతోంది. రెండు జాతులూ వేరు వేరు దారుల్లో ఒకే చోటికి చేరాయన్నమాట. పరిణామ శాస్త్రంలో ఇంత అందమైన సవరణ నేను ఎక్కువ చూడలేదు.

స్పెయిన్‌లోని ఎల్ సిద్రోన్ గుహలో దొరికిన ఒక నియాండర్తల్ ఎముకలో కూడా ఇదే జన్యువును 2009లో చదివారు. సుమారు 48,000 ఏళ్ల నాటి ఆ మనిషికి తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం వచ్చాయి. ఒక రకం చేదు తెలిసేది, ఇంకోటి తెలియనిది. ఆ మనిషికి పీటీసీ కొంతవరకు చేదుగానే తగిలి ఉండాలి.

అన్నిటికన్నా చేదు

ఇప్పటిదాకా విస్తృతంగా పేరు మోసిన చేదు డెనటోనియం. 1958 ప్రాంతంలో ఎడిన్‌బరోలో కొత్త మత్తుమందుల కోసం వెతుకుతుంటే అనుకోకుండా దొరికింది. కోటి భాగాల నీటిలో ఒక భాగం కలిపినా నాలుక గుర్తుపడుతుంది. మనిషిలోని పాతికకు పైచిలుకు చేదు గ్రాహకాల్లో ఎనిమిదింటిని అది ఒకేసారి లేపుతుంది. అందుకే పీటీసీ చేదు తెలియని ఫాక్స్ లాంటివాళ్లు కూడా దీన్ని తప్పించుకోలేరు. పిల్లలు పొరపాటున తాగకుండా స్పిరిట్‌లో, ఇంజిన్ కూలెంట్‌లో దీన్ని కలుపుతారు.

2025లో జర్మనీ పరిశోధకులు దీనికి పోటీగా ఒక పుట్టగొడుగును తీసుకొచ్చారు. అమరోపోస్టియా స్టిప్టికా అనే ఆ పుట్టగొడుగులోని ఒలిగోపోరిన్ డి అనే పదార్థం లీటరు నీటిలో 63 మైక్రోగ్రాములు ఉంటే చాలు, మన చేదు గ్రాహకం ఒకటి స్పందిస్తుంది. చిత్రమేమిటంటే ఇంత చేదున్న ఈ పుట్టగొడుగు విషం కాదు. ఏటా ఎందరినో చంపే డెత్ క్యాప్ పుట్టగొడుగు మాత్రం తిన్నవాళ్లకు రుచిగానే ఉంటుందట. చేదు అంటే విషమనే లెక్క మన పూర్వీకులు ఎక్కువగా తిన్న మొక్కల దగ్గర పనికొస్తుంది. అడవిలో దొరికే ప్రతిదానికీ పనికిరాదు.

చేదు జన్యువుల్లో రెండింటిని మనిషి జాతి పూర్తిగా పోగొట్టుకుంది. టీఏఎస్2ఆర్62, టీఏఎస్2ఆర్64 చింపాంజీల్లో పనిచేస్తాయి, మనలో చచ్చుబడి ఉన్నాయి. నియాండర్తల్‌లోనూ చచ్చుబడే ఉన్నాయి కాబట్టి మనం వాళ్ల నుంచి వేరుపడక ముందే ఇది జరిగింది. నిప్పు మీద వండుకోవడం మొదలై విషాలు తగ్గాక వీటి అవసరం పోయిందని ఒక ఊహ ఉంది.

జంతువులది ఇంకో లోకం. పిల్లికి తీపి గ్రాహకం చెడిపోయిందని 2005లో తేలింది, దాని ముందు చక్కెర పెట్టినా రుచి లేదు. దాదాపు వెదురు మాత్రమే తినే జెయింట్ పాండాకు మాంసపు రుచి చెప్పే గ్రాహకం పోయింది. పెంగ్విన్లు తీపి, చేదు, మాంసపు రుచి మూడూ పోగొట్టుకున్నాయి. కోడికి చేదు జన్యువులు మూడే.

కొత్తిమీర సబ్బు వాసన

కొందరికి కొత్తిమీర సబ్బులా కొడుతుంది. ఓఆర్6ఏ2 అనే వాసన జన్యువుకు దీనితో సంబంధముందని 2012లో తెలిసింది. అదే ఏడు కెనడాలో చేసిన ఒక సర్వేలో కొత్తిమీర గిట్టనివాళ్లు తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లలో 21 శాతం, దక్షిణ ఆసియా మూలాలున్నవాళ్లలో 7 శాతమే. దీని వెనక ప్రకృతి వరణం ఉందనడానికి మాత్రం ఆధారం లేదు. పుట్టినప్పటి నుంచి చారులోనూ పచ్చడిలోనూ తింటున్న అలవాటుకే ఎక్కువ వాటా ఇవ్వాలని నా అభిప్రాయం.

ఒకే జన్యువుకు పదమూడు నకళ్లు

1970ల మధ్యలో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో రాబర్ట్ స్మిత్ డెబ్రిసోక్విన్ అనే రక్తపోటు మందు మీద పనిచేస్తున్నాడు. ఆ రోజుల అలవాటు ప్రకారం తనూ తన తోటివాళ్లూ తలా ఒక మోతాదు వేసుకున్నారు. మిగతావాళ్లకు ఏమీ కాలేదు. స్మిత్‌కు మాత్రం రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి నిలబడలేకపోయాడు. మూత్రం పరీక్షిస్తే ఆ మందును అతని శరీరం దాదాపు తాకనే లేదని తెలిసింది. 1977లో ఆ సంగతి ప్రచురించారు. అలా బయటపడిన ఎంజైమే సీవైపీ2డీ6. ఇప్పుడు వాడుకలో ఉన్న మందుల్లో చెప్పుకోదగిన భాగాన్ని అరగదీసేది ఇదే.

ఉత్తర యూరప్‌లో 7 శాతం మందికి ఈ ఎంజైమ్ స్మిత్‌కు లాగే పనిచేయదు. ఆసియాలో అలాంటివాళ్లు 1 శాతం దరిదాపు. ఇంకో కొసన రికార్డు 1993లో స్వీడన్‌లో దొరికింది. ఒక కుటుంబంలో తండ్రికీ ఇద్దరు పిల్లలకూ ఈ జన్యువు ఒకే క్రోమోజోము మీద వరసగా పదమూడు నకళ్లు ఉంది. మామూలుగా అయితే క్రోమోజోముకు ఒక్కటే. వాళ్ల ఒంట్లో ఆ మందు పడీపడగానే కరిగిపోతుంది.

స్వీడన్ కుటుంబం వింతే గాని, ఒక జనాభాగా చూస్తే రికార్డు ఇథియోపియాది. 1996లో చేసిన అధ్యయనంలో 29 శాతం మందికి ఒకే క్రోమోజోము మీద ఒకటికి మించి నకళ్లున్నాయి. అదే స్వీడన్‌లో 1 నుంచి 2 శాతం. దీనికి స్వీడన్ శాస్త్రవేత్త మాగ్నస్ ఇంగెల్మన్-సుంద్‌బెర్గ్ ఇచ్చిన వివరణ నాకు సబబుగా తోస్తుంది. చాలా కాలేయ ఎంజైములను అవసరం వచ్చినప్పుడు శరీరం ఎక్కువ తయారుచేసుకోగలదు. సీవైపీ2డీ6 విషయంలో అది కుదరదు. ఎంత విషం తిన్నా దాని ఉత్పత్తి పెరగదు. మొక్కల్లోని ఆల్కలాయిడ్లను విరిచేది ఇదే కాబట్టి, కరువు రోజుల్లో ఏ ఆకు దొరికితే ఆ ఆకు తినాల్సి వచ్చిన చోట నకళ్లు ఎక్కువున్నవాళ్లే నిలదొక్కుకున్నారని ఆయన వాదం.

ఆ ఆకులు తినే అవసరం పోయాక ఇదే గుణం ప్రాణం మీదికి తెస్తోంది. దగ్గుకూ నొప్పికీ ఇచ్చే కోడీన్ నేరుగా పనిచేయదు, సీవైపీ2డీ6 దాన్ని మార్ఫిన్‌గా మార్చాకే పనిచేస్తుంది. నకళ్లు ఎక్కువున్న పిల్లల్లో మామూలు మోతాదే మార్ఫిన్ వరదై ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. 2017లో అమెరికా పన్నెండేళ్ల లోపు పిల్లలకు కోడీన్ వాడకూడదని గట్టిగా చెప్పింది.

మద్రాసులో మాత్ర లెక్క

1952లో ఐసోనియజిడ్ వచ్చాక క్షయ చికిత్స తీరే మారిపోయింది. కాని ఒకే మోతాదు ఇచ్చినా కొందరి రక్తంలో మందు గంటల తరబడి ఉంటోంది, కొందరిలో చప్పున మాయమవుతోంది. మధ్యరకం వాళ్లు తక్కువ. ఎన్ఏటీ2 అనే జన్యువు ఇందుకు కారణం.

1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ తేడాను రోగి మంచం దగ్గర పట్టుకుంది. శానిటోరియంలో పడుకోబెట్టకుండా ఇంటి దగ్గర మందులిచ్చినా క్షయ తగ్గుతుందని ప్రపంచానికి చూపింది కూడా ఇదే కేంద్రం. ఐసోనియజిడ్‌ను నెమ్మదిగా విరిచే శరీరాల్లో మందు పేరుకుని అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు వచ్చేవి. కొద్దిపాటి బి6 విటమిన్ కలిపితే అవి తగ్గాయి. వారానికి ఒక్కసారే మందిచ్చే పద్ధతి పెట్టి చూస్తే, చప్పున విరిచేవాళ్లకు వ్యాధి సరిగ్గా నయం కాలేదు. ఒకే గుణం ఒక పద్ధతిలో మేలూ ఇంకో పద్ధతిలో కీడూ అయింది.

దక్షిణ భారతదేశంలో నెమ్మది రకం సుమారు 60 శాతం. జపాన్‌లో 10 శాతం దగ్గర. ఈజిప్టులో 80 శాతం పైమాట. ప్రపంచమంతా కలిపి చూస్తే వేట మీద బతికేవాళ్లలో కన్నా వ్యవసాయం, పశువుల మీద బతికేవాళ్లలో నెమ్మది రకం ఎక్కువ. ధాన్యపు తిండికి మారాక ఆహారంలో ఫోలేట్ తగ్గడం వల్ల నెమ్మది రకానికి మేలు జరిగిందని ఒక వివరణ ఉంది. కాలేయంలో ఒక ఎంజైమ్ మందగించడం మేలెలా అయిందో అంతకన్నా గట్టిగా ఇంకా ఎవరూ చూపలేదు.

ఒక గుక్కకే ఎర్రబడే మొహం

రాలిపడి పులిసిన పండ్లలోని సారాయిని మన పూర్వీకులు కోటి ఏళ్ల కిందటే అరిగించుకోవడం మొదలుపెట్టారు. మనిషి, చింపాంజీ, గొరిల్లాలకు ఉమ్మడి తాత అయిన కోతిలో ఏడీహెచ్4 అనే ఎంజైమ్‌లో వచ్చిన ఒకే ఒక్క మార్పు ఆ పనిని నలభై రెట్లు పెంచిందని అమెరికా పరిశోధకులు చూపారు. చెట్టు దిగి నేల మీద పండ్లు ఏరుకోవడం మొదలైన కాలం అది.

ఇంకో మార్పు చాలా ఇటీవలిది. సారాయిని కాలేయం మొదట ఎసిటాల్డిహైడ్‌గానూ, తరవాత ఎసిటేట్‌గానూ మారుస్తుంది. మొదటిది విషం, రెండోది కాదు. తూర్పు ఆసియాలో చాలామందికి మొదటి పని మరీ జోరు, రెండోది మరీ మందకొడి. విషం మధ్యలో చిక్కుకుపోయి ఒక గుక్కకే మొహం జేవురిస్తుంది, గుండె దడదడలాడుతుంది. రెండో పని చేసే ఏఎల్‌డీహెచ్2 ఎంజైమ్ మందగించినవాళ్లు ప్రపంచంలో 54 కోట్ల దాకా ఉన్నారని అంచనా. మొదటి పనిని జోరు చేసే జన్యు రకం దక్షిణ చైనాలో వరి సాగు మొదలైన చోట, 7,000 నుంచి 10,000 ఏళ్ల కిందట వ్యాపించిందని 2010లో చైనా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వరి ఉన్న చోట వరి కల్లూ ఉంటుంది కదా.

ఏఎల్‌డీహెచ్2 మందకొడి రకం తాగుడు నుంచి కాపాడుతుందనేది ఎంత నిజమో, సమాజం దాన్ని ఓడించగలదనేదీ అంతే నిజం. జపాన్‌లో తాగుడుకు బానిసలైనవాళ్లలో ఈ మందకొడి రకం నకలు ఒకటి ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం. 1992 నాటికి 13 శాతం. పదమూడేళ్లలో జన్యువులు మారలేదు, ఆఫీసు తరవాత తాగక తప్పని రివాజు బలపడింది. అలాంటివాళ్లు తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు.

చిక్కుడు గింజలు తిని పచ్చబడ్డ పిల్లలు

జీ6పీడీ లోపం మనుషుల్లో చాలా ఎక్కువగా కనిపించే ఎంజైమ్ లోపాల్లో ఒకటి. సుమారు 40 కోట్ల మందికి ఉంది. ఎర్ర రక్తకణాలు తమను తాము కాపాడుకోవడానికి వాడే ఎంజైమ్ అది. లోపమున్నవాళ్లు మధ్యధరా ప్రాంతపు ఫావా చిక్కుడు తింటే అందులోని విసిన్, కాన్విసిన్ దెబ్బకు రక్తకణాలు పగిలిపోతాయి. పిల్లలు ఒకటి రెండు రోజుల్లో పచ్చబడి, మూత్రం నల్లగా పోసి ప్రమాదంలో పడతారు. మన తోటల్లోని చిక్కుడు వేరే జాతి, దానికి ఈ భయం లేదు. లోపం ఇంతలా ఎందుకు మిగిలిందంటే మలేరియా వల్ల. లోపమున్న కణంలో మలేరియా పరాన్నజీవి సరిగ్గా బతకలేదు. మళ్లీ ఆ మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ మాత్రే వీళ్ల రక్తకణాలను పగలగొడుతుంది. 1956లో అమెరికా శాస్త్రవేత్తలు ఎంజైమ్‌ను గుర్తించింది ఆ మాత్ర వికటించినవాళ్ల రక్తంలోనే. ఒడిశా గిరిజనుల్లో కనిపించే రకానికి జీ6పీడీ ఒరిస్సా అని ఆ రాష్ట్రం పేరే పెట్టారు. మన్యంలో ప్రిమాక్విన్ ఇచ్చే ముందు ఈ పరీక్ష జరగడం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

వైశ్యులూ, స్కోలినూ

చివరి రికార్డు తెలుగువాళ్లది. దీన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి.

ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సమిథోనియం అనే మందు ఇస్తారు. థియేటర్లలో స్కోలిన్ అంటారు. రక్తంలోని బూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది కాబట్టి దాని ప్రభావం అయిదు పది నిమిషాల్లో పోతుంది. ఈ ఎంజైమ్ మొక్కల్లోంచి వచ్చే కొన్ని విషాలను కూడా విరుస్తుంది, కొకెయిన్ వాటిలో ఒకటి. ఎంజైమ్ లేని మనిషికి అదే స్కోలిన్ ఇస్తే గంటల తరబడి కండరం కదలదు. ఛాతీ కండరాలూ కదలవు కాబట్టి సొంతంగా ఊపిరి తీసుకోలేడు.

ఈ లోపం ఆంధ్ర, తెలంగాణల వైశ్యుల్లో మిగతా జనం కన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. ఇది ప్రకృతి వరణం పని కాదు. వైశ్యుల పూర్వీకులు తిన్న ఏ ఆకూ, తాగిన ఏ నీళ్లూ దీనికి కారణం కాదు. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్, కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ కలిసి 2009లోనూ, మరింత విస్తారంగా 2017లోనూ చేసిన పరిశోధనలు కారణం చెప్పాయి. రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమందితో మొదలైన సమూహం, బయటివాళ్లతో దాదాపు వియ్యమందకుండా ఇప్పుడు ముప్ఫై లక్షలు దాటింది. ఆ మొదటి కొద్దిమందిలో ఎవరి దగ్గరో ఉన్న ఒక లోపపు నకలు అందరిలోకీ పాకింది. లోపం బయటపడాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రావాలి. కులంలోనే పెళ్లిళ్లు కాబట్టి ఆ రెండూ కలవడం తేలికైంది. దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాల్లో ఇలాంటి ఇరుకు దాటి వచ్చినవి 81 దాకా ఉన్నాయి. కాబట్టి ఈ సంగతి ఒక్క వైశ్యులదే అనుకోకూడదు. వాళ్ల విషయంలో లోపం పేరు తెలిసింది, అంతే తేడా.

మామూలు రోజుల్లో ఈ లోపమున్న మనిషికి ఏ బాధా ఉండదు. వందేళ్లు బతికినా తెలియకపోవచ్చు. ప్రసవానికో అపెండిక్స్‌కో థియేటర్‌లోకి వెళ్లిన రోజే బయటపడుతుంది. తెలుగునాట అనుభవమున్న మత్తు డాక్టర్లు అందుకే ఆపరేషన్‌కు ముందు ఇంటిపేరూ, చుట్టాల్లో ఎవరికైనా మత్తు నుంచి తేరుకోవడం ఆలస్యమైందా అన్న సంగతీ అడుగుతారు. ముందే తెలిస్తే స్కోలిన్ బదులు రోక్యురోనియం వాడతారు, దాన్ని సుగమ్మాడెక్స్‌తో విరిచేయవచ్చు. తెలియక స్కోలిన్ ఇచ్చేసినా కంగారుపడాల్సిన పని లేదు. మందు దానంతటదే దిగేదాకా మనిషిని నిద్రలోనే ఉంచి వెంటిలేటర్‌తో ఊపిరి అందిస్తారు. తేరుకున్నాక ఆ ఇంట్లో మిగతావాళ్లకూ, ముఖ్యంగా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ, ఎంజైమ్ స్థాయి చూసే రక్తపరీక్ష చేయించి, ఫలితాన్ని ఆసుపత్రి కాగితాల్లో ఎర్ర సిరాతో రాయించుకోవాలి.